కోటి ఆటల డేటాబేస్‌లో కరీంనగర్ కుర్రాడి ఆట ఎందుకు దొరకదు?

క్లుప్తంగా: చెస్ నేర్చుకునేవాళ్లకు కావాల్సిన ఆటల రికార్డుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. ఏ ప్రశ్నకు ఏ డేటాబేస్ తెరవాలన్న దగ్గరే తికమక. గ్రాండ్‌మాస్టర్ల ఆటలు ఒకచోట, ఆన్‌లైన్ ఆటలు మరోచోట ఉంటాయి. జిల్లా స్థాయి ఆటలు చాలావరకు ఎక్కడా ఉండవు. నలుపు, తెలుపు రాళ్లతో ఆడే గో ఆటలో వెతికే పద్ధతే వేరు కాబట్టి చెస్‌లో చేసుకున్న అలవాట్లు అక్కడ సరిపోవు.

వరంగల్‌లో పుట్టిన ఎరిగైసి అర్జున్ 2018లో, పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటలకు 10 పాయింట్లు తెచ్చాడు. ఆ ఏడాది డిసెంబరులో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో చెస్ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లు కాస్త ముదిరి రేటింగ్ టోర్నీలకు వెళ్లడం మొదలుపెట్టాక కోచ్ ఒక మాట అంటాడు: "డేటాబేస్ చూసి ప్రిపేర్ అవ్వు." ఇంట్లో టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఏ డేటాబేస్? కొనాలా, ఉచితమా? ఫోన్‌లో పనిచేస్తుందా, ల్యాప్‌టాప్ కావాలా? ఒకరు వేలు పోసి కొనమంటారు, ఇంకొకరు నెట్‌లో అంతా ఫ్రీ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో సరుకు గురించి చెబుతున్నారు.

## కాగితం దాటితేనే రికార్డు

ముందు ఆట రికార్డు ఎలా తయారవుతుందో చూడాలి. ఎక్కువ సమయమిచ్చే క్లాసికల్ ఆటలో ప్రతి ఎత్తునూ స్కోర్‌షీటు మీద రాసుకోవడం ఫిడే నియమం. ఆ స్కోర్‌షీటు టోర్నీ నిర్వాహకుల సొత్తు అని కూడా నియమాల్లోనే ఉంది. ఆట అయ్యాక పై కాగితం ఆర్బిటర్ దగ్గరకు, కింది కార్బన్ కాపీ ఆటగాడి బ్యాగులోకి వెళ్తాయి. అక్కడి నుంచి అది డేటాబేస్‌లోకి రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించాలి. పెద్ద టోర్నీల్లో మొదటి కొన్ని టేబుళ్ల మీద ఎలక్ట్రానిక్ బోర్డులు పెడతారు. వాటి మీద పావు కదిలితే ఎత్తు దానంతట అదే నమోదవుతుంది. అరవయ్యో టేబుల్ దగ్గర కూర్చున్న పిల్లాడికి ఆ బోర్డు ఉండదు.

ఆదివారం ఒక్కరోజులో ముగించే టోర్నీల సంగతి ఇంకా తేలిక. ఉదయం మొదలై సాయంత్రానికి బహుమతులు ఇచ్చేయాలంటే అవి ర్యాపిడ్ ఆటలే అయి ఉండాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి, అరవై నిమిషాల లోపు సమయం ఉండే ఈ ఆటల్లో ఎత్తులు రాయాల్సిన పనిలేదు. అంటే ఆ రికార్డు పోగొట్టుకోవడానికి కూడా లేదు, అసలు పుట్టనే లేదు. అదే టోర్నీ ఫలితాలు మాత్రం చెస్-రిజల్ట్స్ సైట్‌లో రౌండు రౌండుకూ కనిపిస్తాయి. ఎవరు ఎవరితో ఆడారు, ఎవరు గెలిచారు, చివరికి ఎన్నో స్థానం అన్నీ ఉంటాయి. ఆ జాబితా చూసి ఆట కూడా అక్కడే ఎక్కడో ఉంటుందని వెతికేవాళ్లు చాలామంది. నిర్వాహకులు విడిగా ఎక్కిస్తే తప్ప ఉండదు.

ఎక్కించిన ఆట పీజీఎన్ అనే ఫైలుగా మారుతుంది. 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ రూపొందించిన పద్ధతి ఇది. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోగలిగే మామూలు అక్షరాల ఫైలు. పైన ఏడు వివరాలు తప్పనిసరి: టోర్నీ పేరు, స్థలం, తేదీ, రౌండు, తెల్ల పావుల ఆటగాడు, నల్ల పావుల ఆటగాడు, ఫలితం. కింద ఎత్తులు. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా దీన్ని చదువుతుంది. ఉచిత డేటాబేస్‌లు ఇంతగా పెరగడానికి అసలు కారణం ఈ ఉమ్మడి పద్ధతే.

చేత్తో రాసిన షీటును ఎక్కించడంలో ఉన్న తంటా ఒక్క ఎత్తు దగ్గర తెలుస్తుంది. తెల్ల గుర్రాలు ఒకటి బీ1లో, ఒకటి ఎఫ్3లో ఉన్నాయి. డీ2 గడి ఖాళీగా ఉంది. రెండు గుర్రాలూ అక్కడికి దూకగలవు. పిల్లాడు షీటు మీద "నైట్ డీ2" అని మాత్రమే రాశాడు. ఏ గుర్రం? సాఫ్ట్‌వేర్ అక్కడ ఆగిపోతుంది. ఎక్కించేవాళ్లు నాలుగైదు ఎత్తులు ముందుకు చదివి, ఏ గుర్రం కదిలితే మిగతా ఆట కుదురుతుందో ఊహించి ఎంచుకోవాలి. ఊహ తప్పితే డేటాబేస్‌లో ఎవరూ ఆడని ఆట ఒకటి శాశ్వతంగా ఉండిపోతుంది.

ఎలక్ట్రానిక్ బోర్డులకూ వాటి తిప్పలు వాటికి ఉన్నాయి. ఆట ముగిశాక ఫలితం తెలియజేయడానికి రాజులను తీసి బోర్డు నడిమి గళ్లలో పెడతారు. రాజు అప్పటికే ఆ గడి పక్కన ఉంటే యంత్రం దాన్ని కూడా ఒక ఎత్తుగా రాసుకునే అవకాశముంది. గెలిచిన గ్రాండ్‌మాస్టర్ చివరి ఎత్తులో రాజును తీసుకెళ్లి నట్టనడుమ నిలబెట్టినట్టు రికార్డుల్లో కనిపిస్తే, అందులో లోతైన వ్యూహం వెతకనక్కర్లేదు.

## కొనేది, ఉచితంగా వచ్చేది

కంప్యూటర్ రాకముందు ఈ పనిని పుస్తకాలు చేసేవి. 1966 నుంచి బెల్‌గ్రేడ్‌లో వెలువడిన చెస్ ఇన్ఫార్మెంట్ సంపుటాలు ఆ కాలపు డేటాబేస్. 1987లో హాంబర్గ్ నుంచి చెస్‌బేస్ సాఫ్ట్‌వేర్ వచ్చాక పరిస్థితి మారింది. ఆ కంపెనీ ఏటా అమ్మే మెగా డేటాబేస్‌లో ఇప్పుడు కోటికి పైగా ఆటలున్నాయి. లక్షకు పైగా ఆటలకు వ్యాఖ్యానం కూడా ఉంది. డబ్బులు ప్రధానంగా ఆ వ్యాఖ్యానానికి, పేర్లూ తేదీలూ సరిచేసిన శ్రమకు. సాఫ్ట్‌వేర్‌తో కలిపి వేల రూపాయలవుతుంది, పైగా ప్రధాన ప్రోగ్రామ్ విండోస్ కంప్యూటర్ మీదే నడుస్తుంది. ఫోన్ మాత్రమే ఉన్న ఇంటికి ఇది ఎలాగూ పనికిరాదు. పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారే పైరసీ కాపీలను కొనుగోలుతో పోల్చడం దండగ. వాటికి కొత్త ఆటలు చేరవు, వైరస్ చేరవచ్చు.

ఉచితం వైపు మొదట చెప్పాల్సింది ది వీక్ ఇన్ చెస్. మార్క్ క్రౌథర్ 1994లో మొదలుపెట్టిన ఈ సైట్ వారానికోసారి ప్రపంచవ్యాప్తంగా ముఖ్యమైన టోర్నీల ఆటలను పీజీఎన్ ఫైలుగా ఇస్తుంది. గ్రాండ్‌మాస్టర్లు ఈ వారం ఏం ఆడారో తెలుసుకోవడానికి ఇంతకంటే నేరుదారి లేదు. పాత ఆటలతో కలిపి ఒకే పెద్ద మూట కావాలంటే లుంబ్రాస్ గిగాబేస్ లాంటివి ఉన్నాయి. వీటిని తెరవడానికి స్కిడ్ వర్సెస్ పీసీ, ఆన్ క్రోసాన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు సరిపోతాయి.

లీచెస్ పరిస్థితి వేరు, ఎక్కువమంది పొరబడేదీ అక్కడే. 2010లో తిబో డ్యుప్లెసీ మొదలుపెట్టిన ఈ ఉచిత సైట్‌లో రెండు రకాల రికార్డులున్నాయి. ఒకటి మాస్టర్స్ డేటాబేస్: 2200కు పైగా ఫిడే రేటింగ్ ఉన్నవాళ్లు 1952 నుంచి బోర్డు మీద ఆడిన ఆటలు. రెండోది సైట్‌లో జనం ఆడుకున్న ఆటలు. ఇవి 2013 జనవరి నుంచి నెలవారీ ఫైళ్లుగా ఉన్నాయి. ఎలాంటి హక్కుల షరతూ లేదు. ఆ మొదటి నెల ఫైలులో లక్షా ఇరవై ఒక్క వేల ఆటలే ఉన్నాయి. ఈ మధ్య నెలల్లో అవి దాదాపు తొమ్మిది కోట్లు. కుదించిన ఫైలే 30 జీబీ దాకా ఉంటుంది, విప్పితే దాదాపు ఏడు రెట్లవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల మొబైల్ డేటా మీద నడిచే ఇంట్లో ఆ డౌన్‌లోడ్ బటన్ జోలికి పోకపోవడమే మంచిది. అది ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టు చేసే విద్యార్థికి పనికొచ్చే సరుకు. ఆటగాడికి అదే సైట్‌లోని ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ (ఆట తొలి ఎత్తులను వెతికే పట్టిక) చాలు. ఒక్క ఫైలూ దించుకోకుండా ఫోన్‌లోనే తెరుచుకుంటుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో మూడో ట్యాబ్ ఒకటుంది. అందులో ఏ లీచెస్ ఆటగాడి యూజర్‌నేమ్ కొట్టినా అతను ఏ ఓపెనింగ్ ఎన్నిసార్లు ఆడాడో, ఎందులో ఎక్కువ ఓడాడో చూపిస్తుంది. చెస్.కామ్ ఆటలకు ఓపెనింగ్‌ట్రీ అనే ఉచిత సైట్ అదే పని చేస్తుంది. రేపటి రౌండులో కరీంనగర్ కుర్రాడితో ఆడాల్సిన హన్మకొండ పిల్లకు కోటి ఆటల మెగా కంటే ఈ ట్యాబే అక్కరకొస్తుంది. ఆ కుర్రాడి బోర్డు ఆటలు ఎక్కడా లేవు. రాత్రి పదింటికి ఫోన్‌లో ఆడిన, నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలు మాత్రం వందల్లో ఉంటాయి. యూజర్‌నేమ్ తెలియాలి, అంతే. బ్లిట్జ్‌లో ఆడే ఓపెనింగే క్లాసికల్‌లోనూ ఆడతారన్న హామీ లేదు. కానీ ఆ స్థాయిలో రెండు మూడు ఓపెనింగ్‌లకు మించి చేతిలో ఉండేవాళ్లు తక్కువ కాబట్టి ఊహ చాలాసార్లు తగులుతుంది.

## శాతాలను ఎలా చదవాలి

ఏ ఎక్స్‌ప్లోరర్ తెరిచినా ఒక్కో ఎత్తు పక్కన మూడు రంగుల పట్టీ కనిపిస్తుంది: తెలుపు గెలిచిన శాతం, డ్రా, నలుపు గెలిచిన శాతం. అది చూసి ఎత్తు మంచిదా చెడ్డదా తేల్చేయడం చాలామందికి అలవాటు. స్టాఫర్డ్ గాంబిట్ అనే ఓపెనింగ్‌ను దగ్గరగా చూస్తే ఆ అలవాటులోని ప్రమాదం తెలుస్తుంది.

తెలుపు బంటు ఈ4, నలుపు బంటు ఈ5. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6. తెలుపు గుర్రం ఈ5లోని బంటును కొట్టేస్తుంది. నలుపు దాన్ని తిరిగి రాబట్టుకునే ప్రయత్నం మాని రెండో గుర్రాన్ని సీ6లో పెడుతుంది. ఒక బంటు ఊరికే పోయింది. ఇంజిన్‌ను (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను) అడిగితే తెలుపుది స్పష్టంగా పైచేయి అంటుంది. మాస్టర్స్ డేటాబేస్‌లో ఈ దారిన పోయినవాళ్లు చాలా అరుదు. అదే పొజిషన్‌ను లీచెస్ జనం ఆటల్లో, తక్కువ రేటింగ్‌ల దగ్గర చూస్తే నలుపే ఎక్కువ గెలుస్తుంది. కారణం వలలు. తెలుపు సహజంగా తోచే ఎత్తులు రెండు మూడు ఆడితే చాలు, రాణి పోవడమో మేట్ అవడమో జరుగుతుంది.

మూడింటిలో ఏదీ అబద్ధం చెప్పడం లేదు. ఇంజిన్ సరైన ఎత్తుల లెక్క చెబుతుంది, మాస్టర్స్ పట్టిక తెలిసినవాళ్లు దేన్ని నమ్ముతారో చెబుతుంది, జనం పట్టిక ఎదుటివాళ్లు ఎక్కడ తడబడతారో చెబుతుంది. ఏది కావాలో తెలియకుండా మూడింటినీ కలిపేస్తే ఎనుమాముల మార్కెట్‌లో తేజ మిర్చి ధర, చపాట మిర్చి ధర కలిపి సగటు తీసినట్టు ఉంటుంది. ఆ అంకెతో ఏ రైతూ బస్తా దించడు. అందుకే ఎక్స్‌ప్లోరర్‌లో రేటింగ్ ఫిల్టర్, సమయం ఫిల్టర్ తప్పనిసరిగా మార్చుకోవాలి. 1500 దగ్గర ఆడే పిల్లకు 1400, 1600 మధ్య ర్యాపిడ్ ఆటల లెక్క ఒక రకంగా, మాస్టర్ల లెక్క ఇంకో రకంగా పనికొస్తాయి.

ఇంకో మోసం కూడా ఉంది. ఒక ఎత్తుకు 70 శాతం గెలుపు అని కనిపిస్తే ముందు దాని పక్కన ఆటల సంఖ్య చూడాలి. పది ఆటల్లో ఏడు గెలిచినా 70 శాతమే. ఆ ఏడింటిలో నాలుగు ఒకే గ్రాండ్‌మాస్టర్ తనకంటే మూడొందల పాయింట్లు తక్కువున్నవాళ్ల మీద గెలిచినవైతే, గొప్పతనం ఎత్తుదా మనిషిదా అన్నది తేలదు. పైగా పెద్ద ఉచిత మూటల్లో ఒకే ఆట రెండు చోట్ల నుంచి వచ్చి రెండుసార్లు చేరిపోతుంది. సంఖ్య చిన్నదైనప్పుడు అలాంటి నకలు ఒక్కటి చాలు, శాతం తారుమారవుతుంది.

## ఇంటిపేరు తెచ్చిన తంటా

నకళ్లు ఎందుకు పట్టుబడవంటే పేర్ల వల్ల. డేటాబేస్‌లు పుట్టిన దేశాల్లో ఇంటిపేరు ముందు, కామా, తర్వాత సొంతపేరు రాయడం పద్ధతి. తెలుగు పేర్లు ఈ చట్రంలో కుదురుగా కూర్చోవు. ఫిడే జాబితాలో కోనేరు హంపి పేరు "కోనేరు, హంపి" అని ఉంటుంది. అక్కడ ఇంటిపేరు ముందుంది. ద్రోణవల్లి హారిక మాత్రం "హారిక, ద్రోణవల్లి". పెంటేల హరికృష్ణ కూడా "హరికృష్ణ, పెంటేల". ఇద్దరికీ సొంతపేరే ఇంటిపేరు స్థానంలోకి వచ్చేసింది. ఒక్కో సైట్ తన పద్ధతిలో దీన్ని తిప్పి రాస్తుంది, ఇంకొన్ని పొడి అక్షరంతో సరిపెడతాయి. "ద్రోణవల్లి" అని వెతికినవాళ్లకు సగం ఆటలు, "హారిక" అని వెతికినవాళ్లకు మిగతా సగం వచ్చే ప్రమాదం ఉంది.

స్థానిక స్థాయిలో ఇది ఇంకా ముదురుతుంది. ఒకే ఇంటిపేరు, ఒకే సొంతపేరు ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక్క జిల్లాలోనే ఉండటం వింత కాదు. స్కూల్ సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్, టోర్నీ ఎంట్రీ ఫారంలో ఇంకో స్పెల్లింగ్ ఉండటం మరీ మామూలు. దీనికి ఒకటే మందు: ఫిడే ఐడీ. పేరు ఎన్ని రకాలుగా రాసినా ఆ నంబరు మారదు. పీజీఎన్‌లో పేర్ల కింద ఫిడే ఐడీ పెట్టడానికి వీలుంది. సొంత ఆటలు దాచుకునేవాళ్లు మొదటి రోజు నుంచే అది రాసుకుంటే తర్వాత వెతుకులాట తప్పుతుంది.

## గోలో వెతకడమే వేరు

వరంగల్ స్పోర్ట్స్ షాపుల్లో క్యారమ్ బోర్డు, చెస్ బోర్డు దొరికినంత తేలిగ్గా గో బోర్డు దొరకదు. ఆడాలనుకునేవాళ్లు ఆన్‌లైన్‌లోనే మొదలుపెడతారు. చెస్ నుంచి ఇటు వచ్చేవాళ్లు మొదట అడిగేది "దీనికి మెగా డేటాబేస్ ఏది?" అని. జవాబు ఉంది, కానీ దాంతో ఏం చేయాలన్నది చెస్‌లా ఉండదు.

చెస్ డేటాబేస్ బోర్డు మొత్తాన్ని ఒకేసారి పోలుస్తుంది. 32 పావులూ సరిగ్గా అవే గళ్లలో ఉన్న ఆటలను తెస్తుంది. ఓపెనింగ్‌లో 15 ఎత్తుల దాకా కూడా వందల ఆటలు దొరుకుతాయి. గో బోర్డు మీద 361 కూడళ్లున్నాయి. నాలుగు మూలల్లో తలా కొన్ని రాళ్లు పడేసరికి, బోర్డు మొత్తం అచ్చంగా అలాగే ఉన్న ఆట ఇంకోటి దొరకడం కష్టమైపోతుంది. అందువల్ల గోలో ఒక మూలనో ఒక అంచునో పెట్టె గీసి, "ఈ ముక్క ఎక్కడెక్కడ వచ్చింది, తర్వాత రాయి ఎక్కడ పెట్టారు" అని వెతుకుతారు. మూలల్లో అలా స్థిరపడిన వరుసలను జోసెకి అంటారు. చెస్‌లో ఈ4 అంటే ఈ4 మాత్రమే. గోలో అదే ముక్క నాలుగు మూలల్లో ఎక్కడైనా, అద్దంలో తిప్పినట్టుగానైనా, నలుపు తెలుపు తారుమారైనా అదే అవుతుంది. ఎనిమిది రకాల తిప్పుళ్లు, రంగు మార్పుతో పదహారు. సాఫ్ట్‌వేర్ ఇవన్నీ కలిపి చూడాలి.

వాల్తేరిస్ గో ప్యాటర్న్ సెర్చ్ అనే ఉచిత సైట్ బ్రౌజర్‌లోనే ఈ పని చేస్తుంది. కంప్యూటర్‌లో సొంత మూట పెట్టుకుని వెతకాలంటే "కొంబిలో" అనే సాఫ్ట్‌వేర్ ఉంది. మూట విషయానికొస్తే, టి. మార్క్ హాల్, జాన్ ఫెయిర్‌బెయిర్న్ కూర్చిన గోగాడ్‌లో లక్షకు పైగా ప్రొఫెషనల్ ఆటలున్నాయి. ఇది కొనేది. ఇటీవలి ప్రొఫెషనల్ ఆటలకు గో4గో సైట్ ఉంది. ఔత్సాహికుల ఆటలు కేజీఎస్ సర్వర్ పాత నిల్వల్లో దొరుకుతాయి. ఈ రికార్డులన్నీ ఎస్‌జీఎఫ్ ఫైళ్లు. పీజీఎన్ లాగే మామూలు అక్షరాలు, కానీ ఒకదాని సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని చదవలేదు. పేర్ల తంటా ఇక్కడా తప్పదు. చైనాలో వూ చింగ్‌యువాన్ అని పిలిచే మహా ఆటగాడే జపాన్ రికార్డుల్లో గో సైగెన్. రెండు పేర్లూ తెలియకపోతే ఆయన ఆటల్లో కొన్ని కంటికి కనబడవు.

గో రికార్డుల్లో అన్నిటికంటే ముఖ్యమైన ఫిల్టర్ తేదీ. 2016 మార్చిలో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్, కొరియా ప్రొఫెషనల్ లీ సెడోల్‌ను 4-1తో ఓడించింది. ఆల్ఫాగో మొదట కేజీఎస్‌లోని లక్షా అరవై వేల మనుషుల ఆటల నుంచి నేర్చుకుంది. 2017లో వచ్చిన ఆల్ఫాగో జీరోకు ఆ ఆటలు కూడా అక్కర్లేకపోయాయి, తనతో తాను ఆడుకునే నేర్చుకుంది. ఆ ప్రభావం రికార్డుల్లో గీత గీసినట్టు కనిపిస్తుంది. మూలలో నాలుగు-నాలుగు కూడలి మీద రాయి ఉంటే, ఆట తొలి దశలోనే దాని కిందికి మూడు-మూడు కూడలిలోకి దూరడం అంతకుముందు ప్రొఫెషనల్ ఆటల్లో చాలా అరుదు. ఎదుటివాళ్లకు బయట గోడ కట్టి ఇచ్చినట్టవుతుందని పాఠాల్లోనే వద్దనేవాళ్లు. 2017 నుంచి అది రోజువారీ ఎత్తయిపోయింది. తేదీ పెట్టకుండా ప్యాటర్న్ వెతికితే దశాబ్దాల పాత అభిప్రాయం, నేటి అభిప్రాయం ఒకే సంఖ్యలో కలిసిపోయి వస్తాయి.

ఇంకా వెనక్కి వెళ్తే కొమీ సమస్య. నలుపు ముందు ఆడుతుంది కాబట్టి తెలుపుకు ఇచ్చే పాయింట్లను కొమీ అంటారు. నేడు జపాన్‌లో 6.5, చైనాలో 7.5. పాత జపాన్ ఆటల్లో కొమీ లేదు. 1846లో జపాన్ ఆటగాడు షూసాకు నలుపు రాళ్లతో గెన్నాన్ ఇన్సెకి మీద స్వల్ప తేడాతో గెలిచిన ప్రసిద్ధమైన ఆట నేటి కొమీ వేస్తే ఓటమి. కొమీ లేనప్పుడు నలుపు నెమ్మదిగా, జాగ్రత్తగా ఆడినా సరిపోయేది. ఆ ఆటల గెలుపు శాతాలు చూసి అప్పటి ఓపెనింగ్‌లు నేటికీ మంచివనుకుంటే బోల్తా పడటమే. చదువుకోవడానికి మాత్రం అవి ఇప్పటికీ బంగారం. లెక్కల కోసం ఒక మూట, పాఠం కోసం ఇంకో మూట పెట్టుకోవడం మేలు.

## ఎత్తుల మీద హక్కు ఎవరిది?

2016లో ప్రపంచ చాంపియన్‌షిప్ నిర్వాహక సంస్థ, వేరే సైట్లు తమ ఆటల ఎత్తులను ప్రత్యక్షంగా చూపించకుండా ఆపాలని న్యూయార్క్ కోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరులో కోర్టు ఒప్పుకోలేదు. ఆడిన ఎత్తు జరిగిన వాస్తవం, దాని మీద కాపీరైట్ ఉండదన్నదే సాధారణంగా నడుస్తున్న అవగాహన. వ్యాఖ్యానం అలా కాదు, అది రాసినవాళ్ల సొత్తు. కూర్చిన డేటాబేస్ మొత్తానికి యూరప్‌లో విడిగా రక్షణ ఉంది. కాబట్టి మెగాలో చూసిన ఒక ఆటను నోటు పుస్తకంలో రాసుకోవడం, మొత్తం మూటను నెట్‌లో పెట్టేయడం ఒకటి కావు.

## లేని రికార్డు సంగతి

మళ్లీ కరీంనగర్ కుర్రాడి దగ్గరకొస్తే, అతని ఆటలు లేకపోవడానికి టెక్నాలజీ కారణం కాదు. లీచెస్ స్టడీలో ఒక్కో అధ్యాయంలో ఒక్కో ఆట చొప్పున 64 ఆటలు ఉచితంగా పెట్టుకోవచ్చు, ఫోన్‌లోనే ఎక్కించవచ్చు, కావాలంటే పీజీఎన్‌గా దించుకోవచ్చు. అడ్డం వచ్చేది స్వార్థం, అదీ అర్థం చేసుకోదగ్గదే. ఎదుటివాళ్ల ఆటలు అందరికీ కావాలి. తమ ఆటలు ఎదుటివాళ్లకు దొరకడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే స్టడీని ప్రైవేటుగా పెట్టుకుంటారు, లేదా షీటు బ్యాగులోనే నలిగిపోతుంది. పిల్లల పేర్లు నెట్‌లో పెట్టడానికి తల్లిదండ్రులు జంకడం కూడా సహజమే.

ఈ ముడిని విప్పగల స్థితిలో ఉన్నది నిర్వాహకులే, ఎందుకంటే నియమం ప్రకారం స్కోర్‌షీట్లు వాళ్లవి. వాళ్లు ఎక్కిస్తే అందరి ఆటలూ ఒకేసారి బయటికొస్తాయి, ఒక్కరికే నష్టం అన్న మాట ఉండదు. పని ఎంత అన్నది లెక్క వేయవచ్చు. వందమంది ఆడే ఆరు రౌండ్ల క్లాసికల్ టోర్నీలో 300 ఆటలు. అలవాటున్న చేయి ఒక్కో షీటుకు ఐదు నిమిషాలు తీసుకుంటుందనుకుంటే 25 గంటలు. జీతం లేకుండా ఆదివారాలు ఇచ్చే వాలంటీర్లకు అది మోయలేని బరువు. రౌండుకు మొదటి పది బోర్డులకే పరిమితమైతే 60 ఆటలు, ఐదు గంటలు. రౌండ్ల మధ్య ఖాళీలో ఇద్దరు కూర్చుంటే, బహుమతుల కార్యక్రమం అయ్యేలోపు ఆఖరి రౌండు తప్ప మిగతా అన్నీ చెస్-రిజల్ట్స్‌లోకి ఎక్కేస్తాయి.